ఇసుకలో పాతిన యంత్రము



ప్రాచీన గ్రంథములను పరిష్కరించువారి కొక కష్టము తప్పదు. తాటియాకు ప్రతిలో కొంత భాగము పురుగులు తినివేయును, కొంత విఱిగిపోవును. అప్పుడు పరిష్కర్త ప్రత్యంతరమును వెదకును. అది దొరకనిచోట మిగిలిన అక్షరములను, ఛందస్సును, పూర్వాపరసందర్భమును బట్టి లోపమును పూరించును. గురువులయొద్ద నేను నేర్చిన విద్య యిది. ఇదే న్యాయము యంత్రములకును చెల్లునని బేబ్స్ అను మోటారుకారు చరిత్రవలన నాకు తెలియవచ్చినది. దానినే నేడు మనవి చేసెదను.

ఈ కారును మొదట ఇంగ్లండులో కౌంటు లూయీ జ్బొరోవ్‌స్కీ నిర్మింపజేసెను. అందలి ఇంజనునకు లిబర్టీ యని పేరు. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించినపుడు విమానములకొఱకు దానిని కల్పించిరి. దానికి సిలిండర్లు 12, పరిమాణము 27 లీటర్లు, బలము సుమారు 450 గుఱ్ఱములది. చేలకు నీరుతోడు 5 గుఱ్ఱముల ఆయిలింజనును చూచినవారు దీని ప్రమాణమును ఊహింపవచ్చును. గేరుపెట్టెయు, చక్రములను త్రిప్పు గొలుసులును పాత బెంజికారునుండి తెచ్చినవి.

1924లో జ్బొరోవ్‌స్కీ మోటారు పందెములో మరణించెను. పిమ్మట పారీ థామస్ అను వేల్సుదేశీయుడు 125 పౌనులకు ఈ కారును కొనెను. ఇతడు పూర్వము లేలండు సంస్థలో ప్రధాన ఇంజనీరు. ఇంజనునకు నాలుగు కార్బురేటర్లను అమర్చెను. సిలిండరులో మీదికి క్రిందికి ఆడు పిస్టన్లను తానే క్రొత్తగా రూపొందించెను. 1926 ఏప్రిలులో వేల్సునందలి పెండైన్ సముద్రతీరపు ఇసుకపై గంటకు 171 మైళ్ల వేగమున నడిపి, భూమిమీద నంతవఱకు ఎవ్వరును పోని వేగమును సాధించెను. 1927 ఫిబ్రవరిలో మాల్కం క్యాంబెల్ ఆ వేగమును మించెను. ఆ ఘనతను తిరిగి పొందగోరి థామస్ మార్చి 3వ తేదీన అదే తీరమున కారు నడుపుచు ప్రాణములు కోల్పోయెను. అప్పటికతని వయస్సు 42 ఏండ్లు.

విచారణ ముగిసిన పిదప కారును ఆ ఇసుకలోనే పాతిపెట్టిరి. గొలుసు తెగి తలకు తగులుటచేతనే థామస్ మరణించెనని లోకము నమ్మెను. సాక్ష్యమిచ్చు యంత్రము భూమిలో నుండుటచే ఆ మాటయే చరిత్రగా నిలిచెను.

1969లో, అనగా మరల 42 ఏండ్లకు, బాంగరు పట్టణమున ఇంజనీరింగు బోధించుచుండిన ఓవెన్ విన్ ఓవెన్ దానిని వెలికితీసెను. ఇట్లు త్రవ్వుట తగునా యను వాదము లేకపోలేదు. కావలసిన అనుమతులు పొందిన పిదపనే పని జరిగినది. బయటపడినది తుప్పుతిన్న ఇనుము. దానిని మరల కారుగా చేయుటకు సుమారు 15 సంవత్సరములు పట్టెను.

ఇందలి చిక్కు గమనింపుడు. లిబర్టీ ఇంజనులు 20,000కు పైగా తయారైనవి. మిగిలిన ఇంజనులే ప్రత్యంతరములు. వానితో కొలతలు పోల్చుకొనవచ్చును. కాని థామస్ మార్చిన భాగములకు జోడు ప్రపంచమున మఱియొకటి లేదు. ఆ కారు ఒక్కటే, దానిని చేసినవాడు గతించినాడు. అట్టిచోట లోహమునే చదువుకొనవలెను. తుప్పు అన్ని యెడల సమముగా తినదు. గింజక్రింద, అతుకులనడుమ, నూనె పట్టియున్న లోపలి తలములయందు లోహము తొలిరూపమున నిలుచును. అసలు కొలత అక్కడ దొరకును. ఒకవైపు చెడిన భాగమునకు రెండవవైపుది ఆధారమగును. పాత ఛాయాచిత్రములు అమరికను తెలుపును. ఏది పాతది, ఏది క్రొత్తగా చేసినది యను లెక్కయు ఉండవలెను. పరిష్కర్త తాను పూరించిన అక్షరములను కుండలీకరణములలో చూపుట యిందులకే కదా.

ఈ శ్రమవలన దక్కినది కారు మాత్రమే కాదు. వెలికివచ్చిన భాగములను పరీక్షింపగా గొలుసు కథకు బలము చిక్కలేదు. కుడివైపు వెనుకచక్రము ముందుగా చెడియుండునని పరిశీలకుల యభిప్రాయము. నలువది రెండేండ్లు గొలుసుపై నిలిచిన నేరమును ఆ ఇనుపముక్కలే సందేహాస్పదము చేసినవి.

దుఃఖముచే పాతిపెట్టినవారిని నేను నిందింపను. అయినను ఒక మాట చెప్పవలసియున్నది. వస్తువు కనుమరుగైనచోట వదంతి ప్రమాణమగును. వస్తువు నిలిచినచోట దానిని ప్రశ్నింపవచ్చును. మన యిండ్లలోను వాడుక తప్పిన పనిముట్లు మూలల పడియున్నవి. వానిని చేసినవారు పుస్తకములు వ్రాయలేదు. వానిని పాతయినుమునకు అమ్మివేయుటకు ముందు, ఏ భాగము దేనికొఱకో తెలిసిన పెద్దలు పిల్లలకు చూపి చెప్పుదురుగాక. చూచి చెప్పగలవా రున్నంతవఱకే ఆ పని సులభము.