బైపాస్‌లో ఏ రక్తనాళం వాడతారు? షుగర్ ఉన్నవారు ముందే అడగాల్సిన ప్రశ్నలు

గుండె రక్తనాళాల్లో మూడు చోట్ల పూడికలు ఉన్నాయని, బైపాస్ చేయాలని డాక్టర్ చెప్పారా? చాలామంది ఖర్చు ఎంత, ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉండాలి అని మాత్రమే అడుగుతారు. కొత్త దారి కోసం ఏ రక్తనాళం వాడతారన్నది కూడా అడగండి. ఆపరేషన్ ఫలితం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఎక్కడి నుంచి తీస్తారు?

ప్రధానంగా మూడు చోట్ల నుంచి. ఒకటి, ఛాతీ లోపలి గోడ వెంట ఉండే ధమని. ఎడమవైపు దాన్ని డాక్టర్లు ‘లిమా’ అంటారు. రెండు, ముంజేతిలోని రేడియల్ ధమని. మూడు, కాలి సిర. గుండె ముందు భాగానికి రక్తం అందించే ముఖ్యమైన నాళానికి (ఎల్ఏడీ) సాధారణంగా లిమానే కలుపుతారు. మిగతావాటికి ఎక్కువగా కాలి సిర వాడతారు.

తేడా ఎంత?

ఎల్ఏడీకి కలిపిన లిమా గ్రాఫ్ట్‌లు పదేళ్ల తర్వాత కూడా పదింటిలో తొమ్మిది వరకు పనిచేస్తూనే ఉంటాయి. కాలి సిరల్లో అప్పటికి దాదాపు సగం మూసుకుపోవడమో, బాగా ఇరుకైపోవడమో జరుగుతుంది. లిమా పెట్టినవారు ఎక్కువ కాలం జీవిస్తున్నారని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 1986లోనే చూపించారు.

ఛాతీ ధమనిలో పూడిక ఎందుకు తక్కువ?

ఆ ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. ఇది నాళాన్ని సడలించి, రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. దాని కింద సాగే పొరలో రంధ్రాలు చాలా తక్కువ. అందువల్ల కండర కణాలు లోపలికి చొరబడి గోడను మందం చేయడం కష్టం. షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారిలోనూ ఈ ధమని చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. కాలి సిర అలా కాదు. తక్కువ ఒత్తిడికి అలవాటు పడిన దాన్ని ఒక్కసారిగా ధమని ఒత్తిడిలో పెడితే గోడ మందమై, తర్వాత కొవ్వు పేరుకుంటుంది.

అయితే అన్నీ ధమనులే పెట్టొచ్చు కదా?

అందరికీ కుదరదు. రెండు వైపుల ఛాతీ ధమనులూ తీస్తే రొమ్ము ఎముకకు రక్తం తగ్గుతుంది. షుగర్, ఊబకాయం ఉన్నవారిలో గాయం మానకపోవడం, ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు పెరుగుతుంది. ముంజేతి ధమని తీయాలంటే చేతికి రెండో ధమని నుంచి రక్తం సరిపడా అందుతోందో లేదో ముందు పరీక్షించాలి. పైగా పూడిక తీవ్రంగా ఉన్న నాళానికి కలిపినప్పుడే అది బాగా పనిచేస్తుంది. కిడ్నీ జబ్బు ఉండి, మున్ముందు డయాలసిస్ అవసరం కావచ్చంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ఫిస్టులా కోసం చేతి నాళాలను కాపాడుకోవాల్సి రావచ్చు.

ఆపరేషన్‌కు ముందు ఇవి అడగండి

• ఎల్ఏడీకి లిమా పెడుతున్నారా? లేకపోతే కారణం ఏమిటి?
• మిగతా పూడికలకు ఏ నాళం వాడతారు?
• రెండు చేతులకూ బీపీ చూశారా? ఎడమ చేతికి వెళ్లే ధమని నుంచే లిమా చీలుతుంది. అక్కడ పూడిక ఉంటే గ్రాఫ్ట్‌కు రక్తం చాలదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద బైపాస్ చేయించుకుంటున్నవారు కూడా ఈ ప్రశ్నలు నిస్సంకోచంగా అడగవచ్చు. పథకం సందేహాలుంటే నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ సమ్మరీలో ఏ నాళాన్ని ఎక్కడ కలిపారో రాసి ఉంటుంది. కాలి సిరకు ‘ఎస్‌వీజీ’ అని రాస్తారు. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. మళ్లీ యాంజియోగ్రామ్ అవసరమైతే డాక్టర్ ముందు అడిగేది అదే.

గట్టి గ్రాఫ్ట్ పడిందని మందులు మానొద్దు. మీ సొంత రక్తనాళాల్లో జబ్బు అలాగే ఉంటుంది. ఆస్పిరిన్, స్టాటిన్ మాత్రలను డాక్టర్ చెప్పకుండా ఆపకండి. సిగరెట్ పూర్తిగా మానేయండి. షుగర్, బీపీ అదుపులో ఉంచుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం మళ్లీ వస్తే గ్యాస్ అనుకుని ఊరుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.