గడప దాటేదెవరు? రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ప్రవేశార్హతల యాభై ఏళ్లు

1975లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా నుంచి టీఎస్‌ఆర్ సంస్థ ‘గ్రేహాక్’ అనే చిన్న పుస్తకం వేసింది. ముందు ఏడాది వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు అది అనుబంధం. అందులో పాలడిన్ అనే కొత్త వీరుడు కనిపిస్తాడు. ధర్మం తప్పని యోధుడు. చెయ్యి వేస్తే గాయం మానుతుంది, రోగం అతని దరి చేరదు. కానీ ఆ పాత్ర కోరుకున్న ప్రతివాడికీ దొరకదు. అతని ‘కరిజ్మా’, అంటే నలుగురినీ ఆకట్టుకునే గుణం, 17కు తగ్గకూడదు. ఆ అంకెను తేల్చేది పాచికలు. మూడు పాచికలు వేసి కూడితే 17 గానీ 18 గానీ పడేది 216 సార్లలో 4 సార్లే.

ప్రత్యేక పాత్రలకు గడప పెట్టడం అలా మొదలైంది. ఆ గడప ఎంత ఎత్తు ఉండాలి, దేనితో కట్టాలి అన్న ప్రశ్నకు ఆట తయారు చేసేవాళ్లు అర్ధ శతాబ్దంగా జవాబులు మారుస్తూనే ఉన్నారు.

ఈ ఆటలు ఎరగనివాళ్ల కోసం ఒక మాట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. ఏం చేస్తారో నోటితో చెబుతారు, తేలనిచోట పాచికలు తేలుస్తాయి. పాత్ర వృత్తిని ‘క్లాసు’ అంటారు, అనుభవం పెరిగేకొద్దీ ‘లెవెల్’ పెరుగుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి ఆటలో మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. వీటిలో దేనికీ అర్హత లేదు. మందబుద్ధి కూడా మాంత్రికుడు కావచ్చు. కాకపోతే క్లాసుకు ముఖ్యమైన గుణం 15 గానీ అంతకు మించి గానీ ఉన్నవాడికి అనుభవం పది శాతం ఎక్కువగా జమయ్యేది. తలుపు అందరికీ తెరిచే ఉంది, నడక వేగంలోనే తేడా.

పాలడిన్‌తో ఆ పద్ధతి మారింది. 1978లో గైగాక్స్ రాసిన ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటగాళ్ల పుస్తకంలో అర్హతలు జాబితాలుగా పెరిగాయి. పాలడిన్‌కు బలం 12, తెలివి 9, వివేకం 13, దేహదారుఢ్యం 9, కరిజ్మా 17 ఉండాలి. పైగా మనిషై పుట్టాలి. ఎల్ఫులూ మరుగుజ్జులూ లాంటి కల్పిత జాతులకు ప్రవేశం లేదు. విద్య అడిగినవాణ్ణి ముందు పుట్టుక అడిగే పద్ధతి కర్ణుడి కథ తెలిసిన మనకు కొత్త కాదు. మూడేసి పాచికలు వరసగా వేసుకుంటూ పోతే ఈ అయిదు గుణాలూ కుదిరే పాత్ర దాదాపు వెయ్యింటికి ఒకటి.

ఈ ఏర్పాటు వెనక ఒక లెక్క ఉంది. బలమైన పాత్ర అరుదుగా వస్తే ఆట తూకం చెడదన్నది ఆ లెక్క. లోకంలో పాలడిన్లు కొద్దిమందే ఉండాలనుకుంటే అది బాగానే పనిచేస్తుంది. బల్ల దగ్గర మాత్రం తేలిపోతుంది. అదృష్టం కలిసొచ్చి పాలడిన్ దక్కినవాడు వారం వారం అదే బల్ల దగ్గర, మామూలు యోధుడు దక్కిన స్నేహితుడి పక్కనే కూర్చుంటాడు. వెయ్యింటికి ఒకటి అన్న అరుదుతనం పాచిక పడిన క్షణంలోనే అయిపోయింది. బలం తేడా మాత్రం ఆ ఆట నడిచినన్నాళ్లూ ఉంటుంది.

పైగా అరుదుతనమూ నిలవలేదు. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్ గైడు గుణాలు తేల్చడానికి కొత్త పద్ధతులు ఇచ్చింది. వాటిలో మొదటిదాని ప్రకారం నాలుగు పాచికలు వేసి, అన్నింటికన్నా చిన్నదాన్ని వదిలేసి, ఇలా ఆరుసార్లు చేశాక వచ్చిన ఆరు అంకెలనూ ఆరు గుణాలకు నచ్చినట్టు సర్దుకోవచ్చు. ఇలా చేస్తే ఆరింటిలో కనీసం ఒకటి 17 గానీ 18 గానీ అయ్యే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. గడప ఎత్తు పుస్తకంలో అలాగే ఉంది, నేల మాత్రం పైకి లేచింది. చాలామంది ఇష్టమైన పాత్ర వచ్చేదాకా పాచికలు వేస్తూనే ఉండేవారు కూడా.

అదే 1978 పుస్తకంలో ఇంకో రెండు రకాల గడపలు ఉన్నాయి. మొదటిది డ్రూయిడ్లది, అంటే ప్రకృతిని కొలిచే పూజారులది. వాళ్ల పై అంచెల్లో కుర్చీలు లెక్కపెట్టి ఉంటాయి. 12వ లెవెల్‌లో తొమ్మిది మంది, 13లో ముగ్గురు, 14లో ఒక్కడే మహా డ్రూయిడ్. పైకి పోవాలంటే ఆ కుర్చీలో ఉన్నవాణ్ణి పోరులో ఓడించాలి. సన్యాసి యోధుల క్లాసుదీ ఇదే వరస. ఇక్కడ అర్హత ఒక అంకె కాదు, ఒక రోజు ఆట. ఎవరితో పోరు, ఎక్కడ, ఓడితే ఏమిటి అన్నవన్నీ బల్ల దగ్గరే జరుగుతాయి.

రెండోది బార్డు, అంటే పాటతో మాయ చేసే గాయకుడు. పుస్తకం చివర అనుబంధంలో చేరిన ఈ క్లాసును నేరుగా ఎంచుకోవడం కుదరదు. ముందు యోధుడిగా కనీసం 5వ లెవెల్ దాకా బతకాలి, తర్వాత దొంగగా మళ్లీ అంత దూరం రావాలి, అప్పుడు డ్రూయిడ్ల దగ్గర శిష్యరికం. గుణాల అర్హతలు పాలడిన్‌ను మించి కఠినం. అయినా పుట్టుకతో కాక బతుకుతో అర్హత సంపాదించాలన్న ఆలోచన ఆ ఆటలో స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

1980ల్లో ఆ ఆలోచన బలపడింది. ఫ్రాంక్ మెంట్జర్ 1984లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’కు రాసిన ‘కంపానియన్’ పెట్టెలో పాలడిన్ పుట్టడు, అవుతాడు. 9వ లెవెల్ చేరిన యోధుడు భూస్వామిగా స్థిరపడకుండా, ధర్మపక్షాన నిలిచి ఒక మతసంస్థకు ప్రమాణం చేస్తే పాలడిన్. 1986లో ఇంగ్లండు నుంచి వచ్చిన ‘వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే’ అయితే ఆటంతా ఇదే సూత్రం మీద కట్టింది. ఎలుకలు పట్టేవాడిగానో, ఇంకేదో చిన్న కొలువుతోనో జీవితం మొదలవుతుంది. ఏ వృత్తిలోంచి ఏ వృత్తిలోకి పోవచ్చో జాబితా ఉంటుంది. పెద్ద వృత్తులకు దారి ఆ చిన్న వృత్తుల్లోంచే. 1987లో వచ్చిన ‘డ్రాగన్‌లాన్స్ అడ్వెంచర్స్’ పుస్తకంలో సొలామ్నియా వీరులు మొదట కిరీటం, తర్వాత ఖడ్గం, చివరికి గులాబీ అనే శ్రేణులు ఒకదాని మీద ఒకటిగా ఎక్కాలి. ఆ లోకంలోనే పైకి రావాలనుకునే మాంత్రికులకు ప్రాణాంతకమైన పరీక్ష ఉంటుంది. మూల ‘అడ్వాన్స్‌డ్’ ఆట మాత్రం మారలేదు. 1989 నాటి రెండో ముద్రణలోనూ పాలడిన్‌కు కరిజ్మా 17 అలాగే ఉండిపోయింది.

అసలు మలుపు 2000లో వచ్చింది. టీఎస్‌ఆర్‌ను 1997లో కొన్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్‌లతో మూడో ముద్రణ రాయించింది. మూల క్లాసులకు గుణాల అర్హత తీసేశారు. పాలడిన్ అందరికీ దొరికాడు. అర్హతలన్నీ ‘ప్రెస్టీజ్ క్లాసు’ అనే కొత్త కోవలోకి చేరాయి. ఇవి మొదటి లెవెల్‌లో దొరకవు, ఆటలో సంపాదించాలి.

వాటిలో హంతకుడి క్లాసును దగ్గరగా చూస్తే ఆ కాలపు ఆలోచన అంతా అర్థమవుతుంది. అలికిడి లేకుండా నడిచే నైపుణ్యంలో 8 ర్యాంకులు (ర్యాంకు అంటే నేర్పు కొలత), దాక్కోవడంలో 8, మారువేషంలో 4 కావాలి. ఆ ముద్రణలో క్లాసు సొంత నైపుణ్యానికి ర్యాంకుల పరిమితి లెవెల్‌కు మూడు కలిపితే వస్తుంది. కాబట్టి 8 ర్యాంకులంటే 5వ లెవెల్ దొంగ. యోధుడికి అవి పరాయి నైపుణ్యాలు, పరిమితి సగమే. అతను 13వ లెవెల్ దాకా ఆగాలి. ‘ఆరో లెవెల్‌కు ముందు రావద్దు, దొంగలైతే త్వరగా రండి’ అన్న మాటను అంకెల్లో దాచి చెప్పారన్నమాట. ఈ లెక్కలన్నీ అయ్యాక చివర ఇంకో షరతు ఉంది. హంతకుల్లో చేరడానికి తప్ప మరే కారణమూ లేకుండా ఒకరిని చంపాలి.

మొదటి మూడు షరతులూ ఇంట్లో కూర్చుని కాగితం మీద తీరతాయి. నాలుగోది తీరాలంటే కథలో ఒక మనిషి చావాలి, తోటి పాత్రలకు తెలియాలా వద్దా అన్న తర్జనభర్జన జరగాలి. గడప బాగా కట్టడమంటే ఏమిటో ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఎన్నో ప్రెస్టీజ్ క్లాసులు మాత్రం దాన్ని వదిలేసి ర్యాంకుల లెక్కనే పట్టుకున్నాయి.

ఈ క్లాసులు ఐచ్ఛికమనీ, డంజన్ మాస్టర్ తన లోకానికి తగినవి తయారు చేసుకోవాలనీ పుస్తకం చెప్పింది. కానీ అనుబంధం తర్వాత అనుబంధంగా అవి వెల్లువెత్తాయి. 6వ లెవెల్‌లో కావలసిన అర్హతకు మొదటి లెవెల్ నుంచే పథకం వేయాలి. ఒక్క ఫీట్, అంటే లెవెళ్లు పెరిగేకొద్దీ ఎంచుకునే ప్రత్యేక నేర్పు, తప్పుగా తీసుకుంటే దారి మూసుకుపోతుంది. సంపాదించాల్సిన గౌరవం ముందే గీసుకున్న ‘బిల్డ్’ అయింది. పాత్ర ఏమవుతుందో ఆట మొదలవకముందే ఆటగాడికి తెలిసిపోయేది.

2003 సవరణలో వచ్చిన మిస్టిక్ థీయర్జ్‌ది ఇంకో పాఠం. మాంత్రికుడి మంత్రాలు, పూజారి మంత్రాలు రెండూ సాగించే ఈ క్లాసుకు రెండు వైపులా రెండో స్థాయి మంత్రాలు వచ్చి ఉండాలి. అంటే మాంత్రికుడిగా మూడు లెవెళ్లు, పూజారిగా మూడు. చేరేటప్పటికే ఏ వైపు చూసినా తోటివాళ్లకన్నా మూడు లెవెళ్లు వెనకబడి ఉంటాడు. ఇక్కడ అర్హతే ధర. అరుదుతనంతో తూకం వేయడం కన్నా ఇది నిజాయితీ అయిన బేరం. కాకపోతే ఆ ధర ముందే కట్టి, ఫలం కోసం నెలల తరబడి ఆగాలి.

తర్వాతి రచయితలు గడపను తగ్గిస్తూ వచ్చారు. 2008 నాటి నాలుగో ముద్రణలో 11వ లెవెల్ చేరిన ప్రతి పాత్రకూ ‘పారగాన్ పాత్’ హక్కుగా వచ్చింది. 2014 నాటి అయిదో ముద్రణలో ప్రత్యేకతలన్నీ ఉపక్లాసులై మొదటి మూడు లెవెళ్లలోకి దిగాయి. రెండు క్లాసులు కలపాలంటేనే ఆయా గుణాల్లో 13 అడుగుతారు. 2015లో అదే సంస్థ ప్రెస్టీజ్ క్లాసును ప్రయోగంగా మళ్లీ చూపించింది గానీ అది అసలు పుస్తకాల్లోకి ఎక్కలేదు. అదే ఏడాది ఎల్ఫులకు మాత్రమే అని వచ్చిన బ్లేడ్‌సింగర్ ఉపక్లాసు 2020లో అన్ని జాతులకూ తెరుచుకుంది. పుట్టుక అడిగే గడప అలా కరిగిపోయింది.

పాత్‌ఫైండర్ అనే మరో ఆట 2019 నాటి రెండో ముద్రణలో వేరే దారి పట్టింది. ప్రత్యేక మార్గంలోకి రావడం తేలిక, ‘డెడికేషన్’ ఫీట్ ఒకటి చాలు. అయితే అదే మార్గంలో ఇంకో రెండు ఫీట్లు తీసుకుంటే గానీ మరో మార్గంలో అడుగుపెట్టనివ్వదు. గడపను ముందు తలుపు నుంచి తీసి వెనక తలుపు దగ్గర పెట్టారు.

ఇన్నేళ్ల మార్పులన్నీ చూస్తే ఒకటి తేలుతుంది. ప్రవేశార్హత మీద మూడు బరువులు వేస్తూ వచ్చారు: బలాన్ని అదుపు చేయడం, సమయం నిర్ణయించడం, కథ పుట్టించడం. మొదటిది క్లాసులోనే తూకంగా చేయదగ్గ పని. రెండోదానికి ఒక లెవెల్ అంకె చాలు, ర్యాంకుల చాటున దాచనక్కర్లేదు. మూడోది మాత్రం అర్హత తప్ప ఇంకేదీ అంత సూటిగా చేయలేదు. ఇవాళ సొంత ఆట రాసుకునేవారు ఒక్కో షరతునూ ఒకే ప్రశ్న అడిగి చూడాలి: దీన్ని తీర్చడానికి బల్ల దగ్గర ఏదైనా జరగాలా, కాగితం మీద అంకె మారితే చాలా? అంకె మారితే చాలు అనిపించిన షరతును కొట్టేసినా ఆటకు నష్టమేమీ లేదు.