ఆదిలాబాదు భూములును నిపుణుల పాలనయు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానమున నిజాము నిరంకుశాధికార మంతరించెను. 1952లో బూర్గుల రామకృష్ణరావుగారి మంత్రివర్గ మేర్పడువఱకు నచట శాసనములు చేసినది ప్రజలెన్నుకొన్న సభ కాదు. అధికారులును, వారికి లెక్కలు సమకూర్చిన నిపుణులును. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము ఈ నడిమికాలమునఁ బుట్టినవే. యస్. కేశవ అయ్యంగారు గ్రామముల యార్థికస్థితిని బరిశోధించిన కాలమును నిదియే (1949–51).

ఆదిలాబాదున నీ కథ యింకను ముందే యారంభమైనది. 1940లో జోడేఘాటున కొమరం భీము ప్రాణములు గోల్పోయిన పిదప, గోండుల బాధ యెట్టిదో తెలిసికొనుటకుఁ బ్రభుత్వము ఆస్ట్రియా దేశీయుఁడగు హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. యుద్ధకాలమున శత్రుదేశీయుఁడని సంస్థానపు టెల్లలు దాఁటనీయని వానినే సలహాదారుగాఁ గైకొనుట విచిత్రము! రక్షితారణ్యముల హద్దులు పోడుభూములను మ్రింగుటయు, దఫ్తరు మర్మ మెఱిఁగిన పరస్థలులు పట్టాలు పొందుటయు నీయన కనుఁగొనెను. 1943లో మార్లవాయిలో గోండీ భాషయందు బోధన మొదలయ్యెను. 1949 నాఁటికి సుమారు 1,60,000 ఎకరములు పదునొకండువేలకుఁ బైఁబడిన గిరిజనులకుఁ బట్టా కాఁబడెను. అదే సంవత్సరమున గిరిజనప్రాంత నిబంధనలు వెలువడెను.

ఇంత త్వరితముగా నింత భూమి పంచఁబడుటకుఁ గారణము, కలము పట్టిన యధికారి కడ్డుచెప్పు సభ లేకుండుటయే. ఆ బలమే దౌర్బల్యము నయ్యెను. ఇచ్చినవాఁ డధికారి, పుచ్చుకొన్నవాని కా నిర్ణయమున నోరు లేదు. 1949లో సలహాదారు వెడలిపోయెను. తరువాత బాటలు పడినవి, వలసలు పెరిగినవి, పట్టాలు చేతులు మాఱినవి. 1970 దశకమున మరలివచ్చి చూచిన హైమన్‌డార్ఫే యీ భూనష్టమును గ్రంథస్థము చేసెను.

కరీంనగరము మొదలగు మైదానపు జిల్లాలకు ముఖ్యమైనది కౌలుచట్టము. దాని ఫలితములను సంస్థానమంతటికిఁ గొలిచినవాఁడు అర్థశాస్త్రజ్ఞుఁడు ఏ. యం. ఖుస్రో (1958). రక్షిత కౌలుదారులలో నాలుగేండ్లకు భూమిపై నిలిచినవారు నూటికి సుమారు 45 మంది. అక్రమముగాఁ దొలఁగింపఁబడినవారు సుమారు 22 మంది. ‘స్వచ్ఛందముగా’ విడిచినవారు 17 మంది. ఈ స్వచ్ఛందశబ్దమును పట్వారీ వ్రాసినంత సులభముగాఁ జరిత్రకారుఁడు నమ్మరాదు.

ఆంధ్రప్రదేశ రాష్ట్రమున 1959లో జనించిన గిరిజన భూబదిలీ నిబంధన తెలంగాణమునకు వర్తించుట 1963లోఁ గాని జరుగలేదు.