పన్ను చట్టంలో పుట్టిన పోలీసు

అమెరికాలో మత్తుమందుల మీద నిఘా వేసే ఫెడరల్ ఉద్యోగి మొదట్లో పోలీసు కాడు, పన్నుల శాఖ మనిషి. 1914 డిసెంబరులో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సంతకం చేసిన హారిసన్ చట్టం పన్ను చట్టమే. నల్లమందు, మార్ఫిన్, కొకైన్ లాంటివి అమ్మేవాళ్లు, రాసిచ్చే డాక్టర్లు ఏడాదికి ఒక డాలరు కట్టి పేరు నమోదు చేయించుకోవాలి. సరుకు ఒక చేతి నుంచి మరో చేతికి పోవాలంటే ప్రభుత్వం అచ్చువేసిన ఆర్డరు ఫారం ఉండాలి. ఆ కాగితాలను రెండేళ్లు భద్రపరచాలి. నేరాల అదుపు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పని. వాషింగ్టన్‌లోని ప్రభుత్వం నేరుగా అందులో వేలు పెట్టలేదు కాబట్టి పన్ను వేసే అధికారాన్ని అడ్డుపెట్టుకుంది. 1915 మార్చి 1న చట్టం అమల్లోకి వచ్చాక ఆర్థిక శాఖ ఉద్యోగులు మందుల షాపులకు వెళ్లి, పుస్తకంలోని లెక్కను బీరువాలోని సీసాలతో సరిచూడడం మొదలుపెట్టారు. నార్కోటిక్స్ ఏజెంటు అనే కొలువుకు అదే తొలి రూపం.

ఈ కొలువు చరిత్రను చదివినకొద్దీ నాకొక సంగతి బలపడుతూ వచ్చింది. ఎన్ని అరెస్టులు చేశాడన్న లెక్కతో ఈ ఉద్యోగి విలువ కట్టిన ప్రతి కాలంలోనూ పని చెడింది. ఎంతో ప్రాణనష్టం మాత్రం ఎవరూ గట్టిగా చదవని కాగితాల్లోంచి వచ్చింది.

హారిసన్ చట్టంలో డాక్టర్లకు మినహాయింపు ఉంది. వృత్తిలో భాగంగా రోగికి ఇస్తే తప్పు లేదు. మరి అలవాటు పడ్డవాడు బాధపడకుండా ఉండేందుకు రోజూ మార్ఫిన్ రాసివ్వడం వైద్యమా, వ్యాపారమా? మెంఫిస్‌లో వెబ్ అనే డాక్టరు అడిగిన ప్రతివాడికీ 50 సెంట్లకు చీటీ రాసిచ్చేవాడు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అలాంటి చీటీ ప్రిస్క్రిప్షన్ కానే కాదని 1919లో వెబ్ కేసులో కోర్టు తేల్చింది. నిజానికి ఆ డాక్టరు మంచి ఉదాహరణ కాదు. అయినా అతని మీద వచ్చిన తీర్పు మంచి డాక్టర్లకూ చుట్టుకుంది. అలవాటు పడ్డవాళ్ల కోసం అనేక నగరాలు నడిపిన క్లినిక్‌లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ క్లినిక్ 1923 వరకు నిలబడింది. పన్ను లెక్కలు చూడాల్సిన ఏజెంటు ఆ రోజుల నుంచే ఏది వైద్యమో నిర్ణయించేవాడయ్యాడు.

1920లో మద్యనిషేధం వచ్చినప్పుడు నార్కోటిక్స్ విభాగాన్ని దాని కిందికే చేర్చారు. అధిపతి లీవై నట్ చదువుకు ఫార్మసిస్టు. 1928 నవంబరులో న్యూయార్కు జూదరి ఆర్నాల్డ్ రోత్‌స్టీన్ హత్యకు గురయ్యాడు. ఆ నగరంలో మత్తుమందుల వ్యాపారానికి పెట్టుబడి పెట్టినవాడు అతనే. చనిపోయాక కాగితాలు తిరగేస్తే నట్ కొడుకూ అల్లుడూ అతని పన్ను వ్యవహారాలు చూసినట్టు బయటపడింది. గ్రాండ్ జ్యూరీ విచారణలో ఇంకొకటి కూడా తేలింది. న్యూయార్కులోని ఫెడరల్ ఏజెంట్లు స్థానిక పోలీసులు చేసిన అరెస్టులను తమ ఖాతాలో రాసుకుంటున్నారు. అంకె పెద్దదిగా కనిపిస్తే బడ్జెట్ నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది. నట్‌ను పక్కకు తప్పించి, 1930 జూలైలో ఆర్థిక శాఖ కిందే ఫెడరల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ అనే కొత్త సంస్థను నిలబెట్టారు. హ్యారీ ఆన్‌స్లింగర్ కమిషనరయ్యాడు. 1962 దాకా ఆ కుర్చీ ఆయనదే.

ఇంత పెద్ద దేశానికి ఆ బ్యూరోలో ఉన్నది సుమారు 300 మంది ఏజెంట్లు. ఆన్‌స్లింగర్ మాత్రం పత్రికల్లోనూ కాంగ్రెసు కమిటీల ముందూ ఆ సంస్థను ఎంతో పెద్దదిగా చూపగలిగాడు. గంజాయి మీద భయం రేపి 1937లో దానికీ పన్ను చట్టం తెప్పించాడు. నల్లజాతివాళ్ల మీద, మెక్సికన్ల మీద తెల్లవాళ్లకున్న దురభిప్రాయాలను ఆ ప్రచారం బాగా వాడుకుంది. 1947లో బ్యూరో ఏజెంట్లు గాయని బిల్లీ హాలిడేను అరెస్టు చేశారు. ఆమె ఏడాది ఒక రోజు శిక్షతో ఫెడరల్ జైలుకెళ్లింది. ఆమె చికిత్స కావలసిన మనిషి. సంస్థకు మాత్రం ఆమె పేరు పత్రికల మొదటి పేజీలోకి ఎక్కడమే ముఖ్యమైంది.

ఏజెంటు దినచర్యలో అసలు చిక్కు ఇంకోచోట ఉంది. దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడు స్టేషనుకు వస్తాడు. మత్తుమందు అమ్మకంలో కొన్నవాడూ ఫిర్యాదు చేయడు, అమ్మినవాడూ చేయడు. కాబట్టి లోపలి మనిషి ఒకడు కావాలి. ఇన్‌ఫార్మర్ లేకుండా ఈ కొలువే లేదు. ముందు అతని జేబులూ బట్టలూ పూర్తిగా వెతుకుతారు. నోట్ల నంబర్లు రాసుకుని చేతికిస్తారు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కంటితో కాపలా కాస్తారు. తిరిగొచ్చాక మళ్లీ వెతికి, తెచ్చిన పొట్లాన్ని కవరులో వేసి సీలు వేసి, సంతకం పెట్టి, కెమిస్టుకు పంపుతారు. ఎక్కడో ఒక చోట పొరపాటు జరిగితే కోర్టులో కేసు నిలవదు.

ఈ పద్ధతి సక్రమంగా నడిస్తే ఎలా ఉంటుందో 1956 నాటి డెన్వర్ కేసు చూపిస్తుంది. 29 ఏళ్ల అనుభవం ఉన్న ఒక ఏజెంటుకు ఇన్‌ఫార్మర్ కబురు చెప్పాడు. డ్రేపర్ అనేవాడు హెరాయిన్ కోసం చికాగో వెళ్లాడు, సెప్టెంబరు 8నో 9నో పొద్దున రైల్లో దిగుతాడు. లేత రంగు రెయిన్‌కోటు, గోధుమరంగు ప్యాంటు, నల్ల బూట్లు, చేతిలో జిప్పు సంచి. అన్నిటికీ మించి, చాలా వేగంగా నడుస్తాడు. 8న ఎవరూ రాలేదు. 9న చికాగో రైలు దిగి అచ్చం అలాంటి మనిషే గబగబా గేటు వైపు నడిచాడు. అతని జేబులో, గుప్పిట్లో హెరాయిన్ దొరికింది. అరెస్టు అయిన నాలుగు రోజులకు ఇన్‌ఫార్మర్ చనిపోయాడు. కోర్టులో అతన్ని అడ్డుప్రశ్నలు అడిగే వీలే లేకపోయింది. అతను చెప్పిన గుర్తులన్నీ కళ్లముందు సరిపోయాయి కాబట్టి వారంటు లేకపోయినా అరెస్టు చెల్లుతుందని 1959లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అదే పద్ధతి మనిషిని ఎలా నాశనం చేస్తుందో షెర్మన్ కేసు చూపిస్తుంది. 1951లో న్యూయార్కులో ఒక డాక్టరు క్లినిక్‌లో షెర్మన్, ఇంకొకతను కలుసుకున్నారు. ఇద్దరూ అలవాటు మానడానికే చికిత్సకు వస్తున్నారు. మందుల షాపులో మళ్లీ కనబడ్డారు, కష్టసుఖాలు మాట్లాడుకున్నారు. కొన్నాళ్లకు ఆ ఇంకొకతను, చికిత్స పనిచేయడం లేదు, ఎక్కడైనా సరుకు ఇప్పించమని అడిగాడు. షెర్మన్ మాట దాటేశాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ దాటేశాడు. తాను పడుతున్న బాధ చెప్పి ప్రాధేయపడుతూ ఉంటే చివరికి ఒప్పుకుని తెచ్చిపెట్టాడు, తానూ తిరిగి అలవాటులో పడ్డాడు. అడిగినవాడు ప్రభుత్వ ఇన్‌ఫార్మర్. తన మీద ఉన్న కేసులో శిక్ష తగ్గించుకోవడానికి మనుషులను పట్టిస్తున్నాడు. షెర్మన్ ఇల్లు సోదా చేస్తే మత్తుమందే దొరకలేదు. నేరాన్ని పట్టుకోవడం చట్టం పని, నేరాన్ని పుట్టించడం కాదని 1958లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కోలుకుంటున్న మనిషిని వెనక్కి లాగిన తర్వాత వచ్చిన ఆ తీర్పు అతనికి ఏమాత్రం అక్కరకొచ్చిందోనని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తుపాకీ పెట్టుకునే అధికారం, వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఈ ఏజెంట్లకు స్పష్టంగా చట్టంలో దక్కింది 1956లో. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1965 నవంబరులో, బ్రూక్లిన్‌లో వెబ్‌స్టర్ బివెన్స్ అనే అతని ఇంట్లోకి వారంటు లేకుండా ఏజెంట్లు చొరబడ్డారు. భార్యాపిల్లల ముందు సంకెళ్లు వేశారు, ఇల్లంతా గాలించారు, తర్వాత బట్టలిప్పి సోదా చేశారు. అతను నష్టపరిహారం అడుగుతూ కేసు వేస్తే, వచ్చినవాళ్లెవరో పేర్లు కూడా తెలియక ఆరుగురు అజ్ఞాత ఏజెంట్ల మీదనే వేయాల్సి వచ్చింది. 1971లో సుప్రీంకోర్టు ఆ హక్కును గుర్తించింది. ఫెడరల్ అధికారి రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే పౌరుడు అతని నుంచి నేరుగా పరిహారం కోరవచ్చన్న సూత్రం ఈ ఏజెంట్ల దౌర్జన్యం లోంచే పుట్టింది. (తర్వాతి దశాబ్దాల్లో కోర్టే దాన్ని చాలా కుదించింది.)

అప్పటికి బ్యూరో లేదు. న్యూయార్కు ఆఫీసులో ఏజెంట్లే సరుకు అమ్ముకుంటున్నారని, ఇన్‌ఫార్మర్లతో కుమ్మక్కయ్యారని అంతర్గత విచారణలో తేలడంతో పదుల సంఖ్యలో రాజీనామా చేశారు. 1968లో దాన్ని రద్దుచేసి న్యాయశాఖ కింద కొత్త సంస్థ పెట్టారు. 1970లో నియంత్రిత పదార్థాల చట్టం వచ్చింది. పన్ను ముసుగు తీసేసి మందులను ఐదు షెడ్యూళ్లుగా విడగొట్టింది ఆ చట్టమే. అదే ఏడాది చెప్పకుండా, తలుపు తట్టకుండా ఇళ్లలోకి చొరబడే అధికారమూ వచ్చింది. 1973 ఏప్రిల్లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కాలిన్స్‌విల్‌లో ఒకే రాత్రి రెండు ఇళ్ల మీద ఏజెంట్లు పడ్డారు. ఒక ఇంట్లో నిద్రలో ఉన్న భార్యాభర్తల చేతులు కట్టేసి, తలకు తుపాకీ గురిపెట్టారు. రెండూ పొరపాటున ఎక్కిన గడపలే. మరుసటి ఏడాదికల్లా కాంగ్రెసు ఆ చట్టంలోని నిబంధనను తొలగించింది.

ఆ గొడవ సద్దుమణగక ముందే, 1973 జూలై 1న, అన్ని విభాగాలనూ కలిపి డ్రగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్ (డీఈఏ) ఏర్పడింది. మొదటి రోజున 1,470 మంది ఏజెంట్లు, ఏడున్నర కోట్ల డాలర్ల లోపు బడ్జెట్. ఇప్పుడు ఏజెంట్లు నాలుగు వేలకు పైగా ఉన్నారు. అనేక దేశాల్లో ఆఫీసులున్నాయి, ఢిల్లీలో కూడా.

ఈ కొలువులో నిజమైన సాహసం లేదని నేననను. 1985 ఫిబ్రవరి 7న మెక్సికోలోని గ్వాడలహారాలో అమెరికా కాన్సులేటు బయట పట్టపగలు డీఈఏ ఏజెంటు ఎన్రికే కామరేనాను ఎత్తుకుపోయారు. అంతకు మూడు నెలల ముందు ఎడారిలోని ఒక భారీ గంజాయి తోటను మెక్సికో సైన్యం తగలబెట్టింది. ఆ తోట నడిపిన మత్తుమందుల ముఠా (కార్టెల్) ఆ కక్ష అతని మీద తీర్చుకుంది. చిత్రహింసలు పెట్టి చంపారు. మార్చి మొదటి వారంలో శవం దొరికింది. అతనితో పనిచేసిన మెక్సికో పైలట్ ఆల్ఫ్రెడో సవాలానూ చంపేశారు. నిందితుల్లో ప్రధానుడైన కారో కింతెరో 2025లో గానీ అమెరికా చేతికి చిక్కలేదు.

సినిమాలకూ టీవీకీ ఎక్కింది కామరేనాల కథే. ఆ సంస్థలోనే డైవర్షన్ పరిశోధకులని ఇంకో వర్గం ఉంది. వాళ్ల చేతిలో తుపాకీ ఉండదు. 1915 నాటి పనినే చేస్తారు. ఫ్యాక్టరీ నుంచి హోల్‌సేలుకు, అక్కడి నుంచి మందుల షాపుకు, షాపు నుంచి రోగికి మాత్ర ఏ దారిన వెళ్లిందో కాగితాల్లో చూస్తారు. అమెరికాలో ఇలాంటి మందులు రాసే ప్రతి డాక్టరుకూ డీఈఏ నంబరు ఉండి తీరాలి. అక్కడి మన తెలుగు డాక్టర్లకూ అంతే. సాధారణంగా రెండు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. రెండో అక్షరం ఇంటిపేరుది, రెడ్డి అయితే ఆర్. ఒకటి, మూడు, ఐదో అంకెలను కలిపి, రెండు, నాలుగు, ఆరో అంకెల మొత్తాన్ని రెట్టించి దానికి కలిపితే, వచ్చిన సంఖ్యలో చివరి అంకె ఏడో స్థానంలో ఉండాలి. 1234563 తీసుకోండి: 9, 24 కలిస్తే 33, చివర 3. దొంగ ప్రిస్క్రిప్షన్‌ను కౌంటరు దగ్గరే పట్టించే లెక్క ఇది.

ఇంత పకడ్బందీ లెక్క ఉండీ ఏమైంది? వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అనే ఊరుంది, జనం 400 లోపు. అక్కడి ఒకే మందుల షాపుకు రెండేళ్లలో హైడ్రోకోడోన్ అనే మత్తు నొప్పిమందు మాత్రలు దాదాపు 90 లక్షలు చేరాయి. దేశం మొత్తం మీద 2006 నుంచి 2012 వరకు పంపిణీ అయిన హైడ్రోకోడోన్, అలాంటిదే అయిన ఆక్సీకోడోన్ మాత్రలు 7,600 కోట్లు. ఇవి ఎవరో దాచిన అంకెలు కావు. కంపెనీలే డీఈఏకు చెప్పి తీరాల్సినవి, సంస్థ సొంత కంప్యూటర్లలో ఉన్నవి. పత్రికలు కోర్టుకెక్కితే 2019లో జనానికి తెలిశాయి. డైవర్షన్ విభాగాన్ని 2015 వరకు నడిపిన జో రానాజిసీ, లీవై నట్ లాగే ఫార్మసిస్టు. గోదాముల నుంచి సరుకును అప్పటికప్పుడు ఆపించే ఉత్తర్వులను ఆయన వాడినకొద్దీ కంపెనీల ఒత్తిడి పెరిగింది. 2016లో కాంగ్రెసు ఆ అధికారాన్ని బలహీనపరిచే చట్టం చేసింది. సంస్థ తప్పూ తక్కువేం కాదు. ఏటా ఎంత ఆక్సీకోడోన్ తయారుకావాలో కోటా ఇచ్చేది అదే. 2002 నుంచి 2013కు ఆ కోటా 400 శాతం పెరిగిందని, సంస్థ మేలుకోవడంలో ఆలస్యం చేసిందని న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019లో తప్పుబట్టాడు. రాష్ట్రాలూ ఊళ్లూ వేసిన దావాల్లో మూడు పెద్ద పంపిణీ కంపెనీలు 2,100 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి 2022లో ఒప్పుకున్నాయి.

ఆలోగా వ్యాపారం చేతులు మారింది. 30 మిల్లీగ్రాముల ఆక్సీకోడోన్ లాగే కనిపించే నీలిరంగు నకిలీ మాత్ర ఇప్పుడు చలామణిలో ఉంది. ఒక వైపు ఎం, మరో వైపు 30 అంకె. లోపల ఉన్నది ఫెంటనిల్, రెండు మిల్లీగ్రాములే ప్రాణం తీయగలవు. 2022లో డీఈఏ పట్టుకున్న నకిలీ మాత్రలే ఐదు కోట్లకు పైగా ఉన్నాయి. వీటికి ఆర్డరు ఫారం లేదు, ఫార్మసీ లేదు, డాక్టరు లేడు. అందుకే పరిశోధకులు ఇంకొక మెట్టు వెనక్కి వెళ్లి వెతుకుతున్నారు. తయారీకి కావలసిన రసాయనాలను కొన్నవాళ్ల ఇన్‌వాయిస్‌లు చూస్తున్నారు. మాత్రలు ఒత్తే యంత్రాన్ని దిగుమతి చేసుకునేవాళ్లు డీఈఏకు ముందుగా తెలపాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ పత్రాలను కస్టమ్స్ రికార్డులతో పోల్చి చూస్తున్నారు.