హాఫ్ మారథాన్ (రోడ్డు పరుగు)

హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్ల రోడ్డు పరుగు పందెం. మైళ్లలో చెప్పాలంటే 13 మైళ్ల 192న్నర గజాలు. పల్నాడు జిల్లా క్రోసూరులో ఉన్నవారికి ఈ దూరం ఇట్టే అర్థమవుతుంది. ఊరి నుంచి సత్తెనపల్లికి రోడ్డున వెళ్తే అటూ ఇటూగా అంతే. ఆ దూరాన్ని నేటి మేటి మగ రన్నర్లు గంటలోపే ముగిస్తున్నారు. మామూలు రన్నర్లలో రెండు గంటల్లోపు పూర్తి చేయడం చాలామందికి పెద్ద లక్ష్యం. దాన్ని వాళ్లు ‘సబ్-టూ’ అంటారు. అందుకు కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్ల లెక్కన చివరిదాకా ఆగకుండా పరిగెత్తాలి.

ఈ పందెం ఒలింపిక్స్‌లో ఎన్నడూ లేదు. మారథాన్‌కు గ్రీకు వార్తాహరుడి కథ ఉంది, నూరు మీటర్ల పరుగుకు స్టేడియం హోరు ఉంది. హాఫ్ మారథాన్‌కు అలాంటివేమీ లేవు. అయినా నేడు ఏ దేశంలో చూసినా మామూలు జనం వేల సంఖ్యలో పరిగెత్తే పందేల్లో ఇదొకటి. పతకాల కోసం పుట్టిన పందెం కాదిది, పాల్గొనే జనమే దీన్ని పెంచారు. దీని చరిత్రను చదవాల్సింది ఆ కోణంలోనే.

దూరం ఎలా వచ్చింది

21.0975 అనే సంఖ్యలో దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు ఉండటానికి కారణం లండన్. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్ దాదాపు 40 కిలోమీటర్లు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఒక్కో ఊళ్లో ఒక్కో దూరం పెట్టారు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర పరుగు మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ఎదుట ముగిసింది. ఆ దారి లెక్క 26 మైళ్ల 385 గజాలు తేలింది. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య దాన్నే మారథాన్‌కు కొలతగా ఖరారు చేసింది. 42.195 కిలోమీటర్లను రెండుగా పంచితే వచ్చేది 21.0975.

సగం దూరం పరుగుకు ఒక పందెంగా గుర్తింపు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం నడిమిదాకా రోడ్డు పరుగులు 10 మైళ్లు, 20 కిలోమీటర్లు, 25 కిలోమీటర్లు అంటూ ఎక్కడికక్కడ స్థానిక కొలతల్లోనే సాగాయి. పోర్టరీకోలోని కొఆమో పట్టణంలో 1963లో మొదలైన సాన్ బ్లాస్ హాఫ్ మారథాన్ పాతవాటిలో పేరున్నది. 1970లలో అమెరికాలోను, ఐరోపాలోను రోడ్డు పరుగు జనానికి వ్యసనంలా పట్టుకుంది. 1972 మ్యూనిక్‌లో ఫ్రాంక్ షార్టర్ మారథాన్ స్వర్ణం గెలవడం దానికి ఊపునిచ్చింది. పూర్తి మారథాన్‌కు నెలల తరబడి సాధన కావాలి, పరిగెత్తాక ఒళ్లు కుదుటపడటానికి వారాలు పడుతుంది. ఆఫీసు, ఇల్లు, పిల్లలు ఉన్న మనిషికి అది ఏడాదికి ఒకసారి కుదిరితే గొప్ప. 21 కిలోమీటర్లు అలా కాదు. కష్టం ఉంది, గర్వంగా చెప్పుకునేంత దూరం ఉంది, అయినా సోమవారం పొద్దున పనికి వెళ్లవచ్చు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం 1980లో తన హాఫ్ మారథాన్‌ను ప్రారంభించింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో వచ్చిన గ్రేట్ నార్త్ రన్ ఈ పందెం దిశనే మార్చింది. దాన్ని తలపెట్టినవాడు బ్రెండన్ ఫాస్టర్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల కాంస్య విజేత. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఊరంతా కలిసి పరిగెత్తే ‘రౌండ్ ద బేస్’ను చూసి, తన సొంత గడ్డ మీద అలాంటిది పెట్టాలనుకున్నాడు. 1981 జూన్ 28న న్యూకాసిల్‌లో సుమారు 12,000 మంది బయల్దేరి, టైన్ నది వంతెన దాటి, సౌత్ షీల్డ్స్ సముద్రతీరానికి చేరారు. తొలి విజేత మైక్ మెక్‌లియోడ్. బొగ్గు గనులు, ఓడల కార్ఖానాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్న ప్రాంతమది. ఆ ఊళ్లకు ఈ పందెం ఏటా వచ్చే సొంత పండుగ అయింది. 2014లో అక్కడ పరుగు పూర్తి చేసినవారి మొత్తం సంఖ్య పది లక్షలు దాటింది.

1992లో తొలి ప్రపంచ హాఫ్ మారథాన్ చాంపియన్‌షిప్ కూడా ఆ దారిలోనే జరిగింది. మగవారిలో కెన్యాకు చెందిన బెన్సన్ మాస్యా, ఆడవారిలో స్కాట్లండ్‌కు చెందిన లిజ్ మెక్‌కోల్గన్ గెలిచారు. మహిళల మారథాన్ ఒలింపిక్స్‌లోకి 1984లో గాని రాలేదు. హాఫ్ ప్రపంచ పోటీలో మాత్రం తొలి ఏటి నుంచే ఇద్దరికీ సమానంగా చోటుంది.

గంట అడ్డును తొలిసారి దాటినవాడు కెన్యాకు చెందిన మోజెస్ తనుయ్. 1993లో మిలాన్‌లో 59 నిమిషాల 47 సెకన్లలో పూర్తి చేశాడు. ఈ దూరానికి ప్రపంచ రికార్డులను అధికారికంగా నమోదు చేయడం 2004లో మొదలైంది. ఎరిత్రియాకు చెందిన జెర్సెనాయ్ తదెసె 2010లో లిస్బన్‌లో నెలకొల్పిన 58:23 తొమ్మిదేళ్లు నిలిచింది. 2019లో కోపెన్‌హాగన్‌లో జెఫ్రీ కామ్‌వొరొర్ దాన్ని 58:01కి తగ్గించాడు. మరుసటి ఏడాది వాలెన్సియాలో కిబివోట్ కాండీ 57:32తో 58 నిమిషాల గోడనూ దాటేశాడు. ఆ తర్వాత సెకన్లలోనే తేడా. 2021లో ఉగాండాకు చెందిన జేకబ్ కిప్లిమో 57:31, 2024లో ఇథియోపియాకు చెందిన యోమిఫ్ కెజెల్చా 57:30. గంటకు 22 కిలోమీటర్ల వేగం అన్నమాట. ఆడవారిలో 2021లో వాలెన్సియాలో ఇథియోపియా యువతి లెటెసెన్‌బెట్ గిడే సాధించిన 62:52 వీటన్నిటికన్నా ఆశ్చర్యకరం. అంతకు ముందున్న రికార్డు మీద నిమిషానికి పైగా తగ్గించింది.

కొలిచే పద్ధతి

రోడ్డు పరుగులో ఏ రికార్డుకైనా విలువ వచ్చేది దారి కొలత వల్లనే. చూసేవారికి ఎవరు గెలిచారన్నదే కనిపిస్తుంది గాని, దారిని కొలిచినవాడి కష్టం కనిపించదు. కారు మీటరుతోనో, ఫోన్‌లోని జీపీఎస్‌తోనో కొలిస్తే చెల్లదు. దీనికి వాడేది సైకిల్. బ్రిటన్‌లో జాన్ జువెల్ 1960ల మొదట్లో ఈ పద్ధతిని పక్కాగా రూపొందించాడు. 1971లో అమెరికాకు చెందిన ఆలన్ జోన్స్ ముందు చక్రానికి బిగించే చిన్న లెక్క యంత్రాన్ని తయారు చేశాడు. నేటికీ దాన్ని జోన్స్ కౌంటర్ అనే పిలుస్తారు. చక్రం ఒక చుట్టు తిరిగితే అందులో ఇరవైకి తగ్గకుండా అంకెలు పడతాయి.

ముందు ఉక్కు టేపుతో కనీసం 300 మీటర్ల తిన్నటి రోడ్డును కొలిచి గుర్తు పెడతారు. ఆ ముక్క మీద సైకిల్‌ను నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకు ఎన్ని అంకెలు పడుతున్నాయో తేలుస్తారు. తర్వాత పందెం దారంతా తొక్కుతారు. వెనక్కి వచ్చి ఆ 300 మీటర్లను మళ్లీ నాలుగుసార్లు తొక్కుతారు. ఎండెక్కేకొద్దీ టైరులో గాలి వ్యాకోచించి చక్రం పిసరంత పెద్దదవుతుంది, అదే దూరానికి తక్కువ అంకెలు పడతాయి. రెండోసారి తొక్కేది ఆ తేడాను పట్టడానికే. పల్నాడు లాంటి చోట పొద్దున ఆరింటికీ పదింటికీ మధ్య ఎండలో వచ్చే మార్పుకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

రన్నరు పరిగెత్తగలిగే అతి దగ్గరి దారినే కొలవాలి. మలుపుల్లో రోడ్డు అంచు నుంచి 30 సెంటీమీటర్లు వదిలి తొక్కాలి. ఇంత చేసినా పొరపాటున దూరం తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. అంటే హాఫ్ మారథాన్ దారి కాగితం మీది దూరం కన్నా దాదాపు 21 మీటర్లు ఎక్కువే ఉంటుంది. రికార్డుకు ఇంకో రెండు షరతులున్నాయి. బయల్దేరే చోటికీ ముగిసే చోటికీ మధ్య తిన్నగా గీత గీస్తే అది పందెం దూరంలో సగం మించకూడదు. ముగిసే చోటు మొదలైన చోటి కన్నా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున మించి పల్లంలో ఉండకూడదు. వెనక నుంచి తోసే గాలి, దిగుడు వాలు సాయం చేయకుండా ఉండటానికే ఈ నియమాలు. ఇంత పేరున్న గ్రేట్ నార్త్ రన్‌లో ఎంత వేగంగా పరిగెత్తినా ప్రపంచ రికార్డుగా లెక్కకు రానిది ఇందువల్లే.

ఈ లెక్కను క్రోసూరుకు అన్వయించి చూడవచ్చు. క్రోసూరులో బయల్దేరి సత్తెనపల్లిలో ముగించే పరుగు జనానికి బాగుంటుంది గాని రికార్డుకు పనికిరాదు. రెండు ఊళ్లూ తిన్నగా చూసినా పందెం దూరంలో సగానికి మించిన ఎడంలో ఉన్నాయి. అదే రోడ్డు మీద పదిన్నర కిలోమీటర్లు వెళ్లి, మలుపు తిరిగి ఊరికే వచ్చేస్తే ఆ షరతు తీరిపోతుంది.

భారతదేశంలో, తెలుగు నేల మీద

2004 అక్టోబరులో ప్రపంచ హాఫ్ మారథాన్ చాంపియన్‌షిప్ న్యూఢిల్లీలో జరిగింది. కెన్యాకు చెందిన పాల్ కిరుయ్, చైనాకు చెందిన సన్ యింగ్‌జియే గెలిచారు. మరుసటి ఏడాది నుంచి ఢిల్లీ హాఫ్ మారథాన్ ఏటా జరిగే పోటీ అయింది. చలికాలపు చల్లదనం, చదునైన రోడ్లు కలిసి వచ్చి ప్రపంచంలో వేగవంతమైన దారుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. దాని శాపం కలుషితమైన గాలి. 2017 నవంబరులో పొగమంచు దట్టంగా కమ్మేయడంతో, పరుగును ఆపాలని భారత వైద్యుల సంఘం కోరింది. తర్వాతి కాలంలో పోటీని అక్టోబరుకు జరిపారు.

2020 నవంబరు 29న అదే ఢిల్లీలో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా రైతుబిడ్డ, సైనికుడు అవినాష్ సాబ్లే గంటా 30 సెకన్లలో పరుగు పూర్తి చేసి, 61 నిమిషాల లోపు వచ్చిన తొలి భారతీయుడయ్యాడు. నిజానికి అతడి పందెం అడ్డంకులు దాటుతూ సాగే స్టీపుల్‌చేజ్. ఆ రోజు భారతీయుల్లో రెండో స్థానం తెలుగువాడిది. ఆంధ్రప్రదేశ్ నుంచి సైన్యంలోకి వెళ్లిన బుగత శ్రీను 64 నిమిషాల 16 సెకన్లలో వచ్చాడు. అంతకు ముందు ఏడాది, 2019లో, ఢిల్లీలో భారతీయుల విభాగం విజేత అతడే. 2020లోను, 2024లోను ముంబై మారథాన్‌లో భారతీయుల విజేత కూడా అయ్యాడు. 2024లో అతడి సమయం 2 గంటల 17 నిమిషాల 29 సెకన్లు. క్రికెటర్ల ఇంటి పేర్లు, బంధువుల పేర్లు కూడా గుర్తుంచుకునే మన పత్రికలు ఈ పేరుకు ఇంకా ఎంతో చోటు బాకీ ఉన్నాయి.

తెలుగు నేల మీద హాఫ్ మారథాన్ నగరాల్లోనే వేళ్లూనింది. 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సంఘం దానికి మూలం. వాళ్లు నిర్వహించే హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఫ్లైఓవర్లు ఎక్కి దిగే దారి, వానాకాలపు ఉక్క కలిసి దాన్ని దేశంలో కఠినమైన వాటిలో ఒకటిగా నిలిపాయి. హైదరాబాద్‌లో సబ్-టూ కొట్టినవాడు చదునైన ఊళ్లో ఇంకొన్ని నిమిషాలు ముందే వస్తాడన్నది రన్నర్ల నమ్మకం, అందులో నిజముంది. విశాఖలో తూర్పు నౌకాదళం 2014 నుంచి నిర్వహిస్తున్న నేవీ మారథాన్ బీచ్ రోడ్డు మీద సాగుతుంది. అక్కడ సముద్రపు గాలి ఒక వైపు హాయి, తిరుగు ప్రయాణంలో ఎదురైతే పరీక్ష.

ఈ పోటీల్లో పాల్గొనే పద్ధతి అంతటా ఒకటే. ముందుగా డబ్బు కట్టి నమోదు చేసుకుంటే, పందేనికి ముందు రోజు ఛాతీకి తగిలించుకునే నంబరు పట్టీ, అంటే బిబ్, ఇస్తారు. బిబ్ వెనక చిన్న చిప్ ఉంటుంది. ఆరంభ రేఖ మీది చాపను దాటినప్పటి నుంచి ముగింపు చాప దాకా అదే సమయాన్ని లెక్కిస్తుంది. వెనక వరసలో ఉన్నవాడు రేఖ దాటేసరికి ఐదు నిమిషాలు పట్టినా నష్టపోడు. చేతిలో సమయం రాసిన జెండాతో పరిగెత్తే పేసర్ వెంట గుంపుగా వెళ్తారు. మూడు, మూడున్నర గంటల్లో రానివారికి గడువు ముగిసినట్టే.

క్రోసూరు, అచ్చంపేట, బెల్లంకొండ లాంటి మండలాల్లో పరుగుకు వేరే చరిత్ర ఉంది. అక్కడ తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్లు బిబ్ కోసం పరిగెత్తరు. కానిస్టేబుల్ ఎంపికలో 1,600 మీటర్ల పరుగు ఉంది, సైన్యంలో చేరడానికీ అంతే దూరం ఉంది. లోడు ఎత్తుకుని వచ్చే లారీల హెడ్‌లైట్ల వెలుగులో, ఒకడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఉంటే మిగతావాళ్లు రోడ్డు అంచున వరసగా ఉరుకుతారు. చాలామందికి కాళ్లకు స్పోర్ట్స్ షూ కూడా ఎవరో వాడి ఇచ్చినవే. ఉద్యోగం వస్తే పరుగు అక్కడితో ఆగిపోతుంది, వయసు దాటినా ఆగిపోతుంది. బుగత శ్రీను లాంటివాళ్లు పైకి వచ్చింది సైన్యం ఆ పరుగును ఆపనివ్వకుండా శిక్షణ ఇచ్చినందువల్ల. 1,600 మీటర్ల పరుగుకు ఒళ్లు సిద్ధంగా ఉన్న కుర్రాడికి, వారానికి ఒకసారి నెమ్మదిగా దూరం పెంచుకుంటూ పోతే 21 కిలోమీటర్లు అందని పండేమీ కాదు. వేగం వాడికి ముందే ఉంది, కావాల్సింది ఓపిక, నీళ్లు, దారి చూపే పెద్ద దిక్కు.

పల్నాడులో ఈ పందేనికి కాలమూ చూసుకోవాలి. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే ఊళ్లలో ఒకటిగా రెంటచింతల పేరు ఏటా వార్తల్లో వింటాం, అది ఈ జిల్లాలోదే. ఫిబ్రవరి దాటితే మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకు వెళ్లే వాహనాలతో రోడ్లు నిండిపోతాయి. చల్లదనం, ఖాళీ రోడ్డు, జనం మూడూ కలిసి దొరికేది సంక్రాంతికే. ఆ రోజుల్లో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలకు ఊళ్లు ఊళ్లే కదిలి వస్తాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో హాఫ్ పరిగెత్తడం అలవాటైన క్రోసూరు బిడ్డలు ఇంటికి వచ్చి ఉండేదీ అప్పుడే. పొద్దున ఆరింటికి మొదలుపెడితే, బండ పోటీలకు ఎడ్లను కాడి కట్టే వేళకు ఆఖరి రన్నరు కూడా ఊరు చేరిపోతాడు.