ఎరాడికేట్: వేరు పోతేనే నిర్మూలన

ఇంగ్లీషు మాట 'ఎరాడికేట్'కు మూలం లాటిన్‌లోని 'రాడిక్స్', అంటే వేరు. వేరుతో సహా పెకలించడం దాని అసలు అర్థం. ముల్లంగికి రాడిష్ అనే పేరు వచ్చిందీ అందులోంచే. 'ఎలిమినేట్' పుట్టుక ఇంకొకటి: 'లీమెన్' అంటే గడప, గడప దాటించి బయటికి పంపడం దాని తొలి అర్థం. ప్రజారోగ్య శాస్త్రం ఈ తేడాను ఇప్పటికీ పాటిస్తోంది. లోకంలో ఎక్కడా రోగం మిగలకపోతేనే ఎరాడికేషన్. మనుషుల రోగాల్లో ఆ మాట దక్కింది మశూచి ఒక్కదానికే, 1980లో. మన దేశంలో 2005 చివర కుష్ఠు ఎలిమినేషన్ సాధించామన్నప్పుడు దాని అర్థం, పదివేల మందికి ఒకరికంటే తక్కువ రోగులున్నారని మాత్రమే.

తెలుగులో ఈ రెండింటికీ 'నిర్మూలన' అనే రాస్తున్నాం. అందులోని 'మూలం' అన్నా వేరు అనే అర్థం కనుక, అది ఎరాడికేషన్‌కే సరిపోతుంది. పుట్టుకను పట్టుకుని వాడుకను శాసించకూడదని ఎవరైనా అనవచ్చు. నిజమే, మాటల అర్థాలు మారతాయి. 'పేదరిక నిర్మూలన' వంటి ఆశయాల్లో ఆ మాట ఉండనివ్వచ్చు. రోగాల విషయంలో మాత్రం తేడా ప్రాణాల మీదికి వస్తుంది. 1958లో మలేరియా ఎరాడికేషన్ కార్యక్రమం పెట్టుకున్నాం. 1960ల నడుమ కేసులు లక్ష దాకా దిగాయి. 1976లో 64 లక్షలు దాటాయి. చివరికి 1999లో కార్యక్రమం పేరులోంచి ఎరాడికేషన్‌ను తీసేశారు. కుష్ఠు పూర్తిగా పోయిందని నమ్మినవాడు ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపించినా ఆసుపత్రికి వెళ్లడు. అందుకే వేరు మిగిలి ఉన్న రోగం గురించి రాసేటప్పుడు 'బాగా తగ్గించాం' అని రాద్దాం. 'నిర్మూలన'ను మశూచి వంటి గెలుపులకే దాచుకుందాం.