స్పామ్ వడపోతలో మార్కుల లెక్క

అనుమానం కలిగించే ఒక్కో లక్షణానికి కొన్ని మార్కులు వేసి, మొత్తం ఒక హద్దు దాటితే ఈమెయిల్‌ను స్పామ్‌గా పక్కన పెట్టే పద్ధతి. దీనికి పేరు తెచ్చిన సాఫ్ట్‌వేర్ స్పామ్‌అసాసిన్. 1997లో మార్క్ జెఫ్టోవిక్ రాసిన చిన్న ప్రోగ్రాంకు మెరుగులు దిద్దుతూ వచ్చిన జస్టిన్ మేసన్, దాన్ని పూర్తిగా తిరగరాసి 2001 ఏప్రిల్ 20న ఇంటర్నెట్‌లో పెట్టాడు. 2004లో అది అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రాజెక్టు అయింది. మామూలుగా హద్దు 5 మార్కులు.

ఈ లక్షణాలను పట్టే నియమాల్లో చాలావాటికి మార్కులు వేసేది మనుషులు కాదు. మంచి మెయిళ్లనూ స్పామ్‌నూ వేరువేరుగా పోగుచేసి, ఏ నియమం దేన్ని ఎంతగా పట్టిందో కంప్యూటరే లెక్కగడుతుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది: ఆ మార్కులు పోగుపడిన పాత మెయిళ్లకు సరిపోతాయి, రేపు వచ్చేవాటి సంగతి వాటికి తెలియదు.

2010 జనవరి 1న ఇది బయటపడింది. తేదీ మరీ భవిష్యత్తులో ఉన్న మెయిళ్లను పట్టే నియమం ఒకటి, 2010 మొదలు ఏ సంవత్సరం కనిపించినా అనుమానించేలా రాసి ఉంది. రాసిన రోజుల్లో అలాంటి తేదీ వేసేది స్పామర్లే కాబట్టి యంత్రం దానికి మూడున్నర దాకా మార్కులిచ్చింది. కొత్త సంవత్సరం రాగానే ప్రతి మెయిల్‌కూ ఆ మార్కులు పడ్డాయి. ఇంకో ఒకటిన్నర తోడైతే చాలు, శుభాకాంక్షలు కూడా స్పామే. మన గడియారం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు కాబట్టి, తిరుపతి నుంచి వెళ్లే మెయిల్ లండన్ మెయిల్ కంటే ముందే ఈ నియమానికి చిక్కే వీలుంది. తప్పు అంతకుముందే తెలిసినా, దిద్దుబాటు వాడుకలో ఉన్న 3.2 కూర్పుకు చేరలేదు. ఇది యంత్రం తప్పు అనడం న్యాయం కాదు. నియమానికి గడువు తీరిందని చూడాల్సింది మనుషులు. తక్షణ విరుగుడు ఆ నియమం మార్కును సున్నా చేయడమే.

తెలుగుకు వచ్చిన ఇబ్బంది ఇంకో రకం. మాటలను బట్టి నేర్చుకునే బేసియన్ భాగం, 3.x పాత కూర్పుల్లో 15 బైట్లు దాటిన ఆంగ్లేతర మాటను రెండేసి బైట్ల ముక్కలుగా నరికేది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. ఆ లెక్కన ‘తిరుపతి’ 21 బైట్లు, ‘చిత్తూరు’ 24. రెండూ అర్థం లేని ముక్కలయ్యేవి. అలాంటి ముక్కలు ఏ తెలుగు మెయిల్‌లోనైనా దొరుకుతాయి. ఇక మంచి తెలుగునూ చెడ్డ తెలుగునూ విడదీసేదెలా? ఇతర భాషల పాఠాన్ని బాగా చదివేలా పెద్ద మార్పులు 2022 డిసెంబరులో వచ్చిన 4.0 కూర్పులో జరిగాయి.

మంచి మెయిల్ స్పామ్‌లో పడితే ముందు చూడాల్సింది హెడర్‌లోని ఎక్స్-స్పామ్-స్టేటస్ వరుస. తగిలిన నియమాల పేర్లు అక్కడ ఉంటాయి. వాటిలో మార్కులు ఎక్కువ తెచ్చిన నియమాన్ని పరిశీలించకుండా 5 హద్దును పెంచేస్తే, అసలు స్పామ్ కూడా దర్జాగా ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది.